లైట్ 34 అంది, ఇంజన్ 26 అంది

ఇంజన్ క్రాంక్ ముందు కొసన తిరిగే డాంపర్ చక్రం మీద టైమింగ్ గీత ఒకటుంటుంది. నాలుగు వారాలు ఆ గీతనే నమ్మాను. నా 1979 క్యామరో జెడ్28లో ఉన్నది షెవర్లే 350, వీ8. స్పార్క్ ఎప్పుడు పడుతోందో చెప్పే టైమింగ్ లైట్ పెడితే, 3000 ఆర్‌పీఎమ్ దగ్గర పిస్టన్ పైకొసకి చేరడానికి 34 డిగ్రీల ముందు అని చూపిస్తోంది. పాత ఇనుప హెడ్లున్న ఈ ఇంజన్‌కి కావలసింది 34, 36 మధ్యే. అయినా బండిలో ఊపు లేదు. తొక్కితే బరువుగా లేచేది, ఎగ్జాస్ట్ మాత్రం సెగలు కక్కేది.

విజయవాడలో నాన్నకి ఫోన్ చేశాను. ఆటోనగర్‌లో పెట్రోల్ అంబాసిడర్లు బాగుచేసిన మనిషి. లెక్కలన్నీ విని, "ఒరేయ్, గీత సంగతి సరే, ప్లగ్గు విప్పి పిస్టన్ ఎక్కడుందో చూశావా?" అన్నారు.

చూడలేదు.

డాంపర్ ఒకే ముక్క కాదు. మధ్య భాగానికీ బయటి రింగుకీ నడుమ రబ్బరు ఉంటుంది. ఏళ్లు గడిచి అది పట్టు వదిలితే, గీతతో సహా రింగు జరిగిపోతుంది. బ్యాటరీ వైరు తీసేసి, ఒకటో సిలిండర్ ప్లగ్గు రంధ్రంలో పిస్టన్‌ని పైకి రాకుండా ఆపే పిస్టన్ స్టాప్ బిగించాను. క్రాంక్‌ని చేత్తో మెల్లగా తిప్పి, ఆగిన చోట పాయింటర్‌కి ఎదురుగా డాంపర్ మీద సుద్దగీత పెట్టాను. వెనక్కి తిప్పి, ఆగిన చోట ఇంకోటి. ఆ రెండింటికీ సరిగ్గా నడుమ ఉన్నదే అసలు టీడీసీ, అంటే పిస్టన్ పైకొసకి చేరే చోటు. పాత గీత అక్కడికి అర అంగుళం పైనే వెనకబడి ఉంది. నాది 8 అంగుళాల డాంపర్, డిగ్రీకి 0.07 అంగుళం. అంటే దాదాపు 8 డిగ్రీలు! లైట్ 34 అంటుంటే నిజంగా స్పార్క్ పడుతున్నది 26 దగ్గర.

3000 ఆర్‌పీఎమ్‌లో క్రాంక్ మిల్లీసెకనుకి 18 డిగ్రీలు తిరుగుతుంది. మంట పాకడానికి వ్యవధి కావాలి. టీడీసీ దాటిన 15 డిగ్రీల ప్రాంతంలో ఒత్తిడి పతాకస్థాయికి రావాలి. స్పార్క్ ఆలస్యమైతే అప్పటికే పిస్టన్ కిందికి దిగిపోతుంది, వేడి ఎగ్జాస్ట్ పాలవుతుంది.

రబ్బరు వదిలిన డాంపర్‌ని కొత్త గీత గీసి వాడకూడదు, రింగు ఊడి ఎగిరితే ప్రమాదం. కొత్తది వేశాను. వ్యాక్యూమ్ పైపు తీసి మూసి, ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేశాను. ఇందులో రోటర్ సవ్యదిశలో తిరుగుతుంది కాబట్టి బాడీని అపసవ్యంగా తిప్పితే అడ్వాన్స్, అంటే స్పార్క్ ఇంకా ముందే పడుతుంది. చాలామంది ఐడ్లింగ్‌లో 12 పెట్టి వదిలేస్తారు, నాకది నచ్చదు. వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ని ముందుకి జరిపే లోపలి బరువులు పూర్తిగా విచ్చుకున్నాక వచ్చే అంకే ఇంజన్‌ని కాపాడేదీ, పాడుచేసేదీ. ఇక పెరగడం లేదని చూసుకుని 34 దగ్గర బిగించాను. ఐడ్లింగ్‌లో 13 వచ్చింది.

ఆదివారం పొద్దున్నే 93 ఆక్టేన్ పెట్రోలు పోయించి, హ్యూస్టన్ హైవే ర్యాంపు మీద కిటికీ దించి పూర్తిగా తొక్కాను. డబ్బాలో గులకరాళ్లలాంటి చప్పుడు వినిపిస్తే స్పార్క్ మరీ ముందు పడుతోందని అర్థం, వెంటనే కాలు తీసేసి రెండు డిగ్రీలు తగ్గించాలి. వినిపించలేదు. సీటు వీపుని నెట్టింది.

ఇంజన్ శబ్దం రికార్డు చేసి నాన్నకి పంపాను. రెండుసార్లు విన్నారట.

"చూశావన్నమాట," అన్నారు.