సివిల్స్ ఫిలాసఫీ ఆప్షనల్: ప్లేటో గణితం దగ్గర మార్కులు పోయేది ఇక్కడే

గణిత జ్ఞానం మీద ప్రశ్న వస్తే చాలామంది 'ప్లేటో దృష్టిలో గణితమే అత్యున్నత జ్ఞానం' అని మొదలుపెడతారు. మొదటి వాక్యంలోనే తప్పు దొర్లిపోతుంది. ప్లేటో గ్రంథం 'రిపబ్లిక్' 6వ భాగం చివర విభజిత రేఖ వస్తుంది, అంటే జ్ఞానాన్ని స్పష్టతను బట్టి నాలుగు మెట్లుగా కోసి చూపే గీత. అందులో గణితానిది పైనుంచి రెండో మెట్టు, డయనోయా (తర్కించి తెలుసుకోవడం). దాని పైన నోయెసిస్ (మూలాన్నే నేరుగా గ్రహించడం) ఉంది. ఎందుకు కింద పెట్టాడో రాస్తేనే జవాబుకు బలం. గణితజ్ఞుడు సరి, బేసి, కోణాల రకాలు లాంటివి ముందే ఒప్పేసుకుని అక్కడినుంచి కిందికి, ముగింపుల వైపు దిగుతాడు, వాటి మూలం అడగడు. పైగా గీసిన బొమ్మ సాయం లేకుండా కదలడు.

జవాబులో ఈ రేఖ గీసేటప్పుడు సగానికి కోయకండి, ముక్కల పొడవు స్పష్టతకు గుర్తు. 9 సెం.మీ. గీత తీసుకుని 6, 3గా విడగొట్టండి. మళ్లీ అదే 2:1 నిష్పత్తిలో 6ను 4, 2గా, 3ను 2, 1గా కోయండి. మధ్య ముక్కలు రెండూ 2 సెం.మీ.యే! అంటే డయనోయా, దాని కింది పిస్టిస్ (కంటికి కనిపించే వస్తువుల మీద నమ్మకం) సమానమయ్యాయి. డయనోయా ఎక్కువ స్పష్టమైతే ఇదెలా కుదిరింది? ప్లేటో ఈ సంగతి ఎత్తలేదు. విమర్శ అడిగితే ఇది తప్పక రాయండి.

ప్లేటో సంభాషణ 'మెనో'లో సోక్రటీస్ ఒక బానిస కుర్రాడిని ప్రశ్నలడుగుతూ లెక్క చేయిస్తాడు. ఆ ఉదాహరణలో అంకెలు తప్పకూడదు. చతురస్రం భుజం 2 అడుగులు, వైశాల్యం 4. రెట్టింపు, అంటే 8 కావాలి. కుర్రాడు భుజం 4 అంటాడు, 16 వస్తుంది. 3 అంటాడు, 9 వస్తుంది. అక్కడ తెల్లమొహం వేస్తాడు. అప్పుడు సోక్రటీస్ కర్ణం గీసి చూపిస్తాడు, దాని మీద కట్టిన చతురస్రం వైశాల్యమే 8. కర్ణం పొడవు ఏ పూర్ణసంఖ్యకూ అందదు. అందుకే అంతకుముందే 'లెక్కపెట్టి చెప్పలేకపోతే ఏ గీతో చూపించు' అంటాడు, ఎంత చక్కటి మాటో చూడండి. కుర్రాడికి జ్ఞానం వచ్చేసిందని మాత్రం రాయొద్దు. అతనికి కలిగినవి ఇంకా కలలాంటి సరైన అభిప్రాయాలే. పదేపదే, రకరకాలుగా అడిగితేనే జ్ఞానమవుతాయి.

ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్‌కు గణిత వస్తువులు విడి లోకంలో లేవు. అలాగని మన కల్పనా కావు. చప్పిడి ముక్కు ఉదాహరణ చాలు: చప్పిడితనం అంటే ముక్కుకున్న వంపు. ముక్కు లేకుండా చప్పిడితనం చెప్పలేం, వంపును మాత్రం గణితజ్ఞుడు ముక్కు వదిలేసి చదవొచ్చు. అలా విడదీసినందువల్ల అబద్ధం పుట్టదన్నదే ఆయన అసలు పాయింట్.

10 మార్కులకు 150 పదాలు, దాదాపు 7 నిమిషాలు. బొమ్మకు ఒక నిమిషం మించనివ్వకండి.