టీషర్ట్ కోసం వెళ్తే

"బాబూ, ఐదు నిమిషాలు కూర్చో, మళ్లీ చూద్దాం" అంది సిస్టర్. మొదటిసారి 152/98. ఆఫీసులో బ్లడ్ క్యాంప్, టీషర్ట్ ఇస్తారంటే వెళ్లినోణ్ణి, 24 ఏళ్లకి నాకు బీపీ ఏంటి అనుకుంటూ కాళ్లు నేలకి ఆనించి బుద్ధిగా కూర్చున్నా.

రెండోసారి 148/96. 140/90 దాటితే తీసుకోరంట. జ్యూస్ ప్యాకెట్ మాత్రం చేతిలో పెట్టి పంపించారు.

తలనొప్పి లేదు, కళ్లు తిరగట్లేదు, ఏమీ లేదు. భయమేసింది కూడా అందుకే.

అమ్మ "దిష్టిరా" అంది. నాన్న ఫోన్ లాక్కుని "ఒక్కరోజు చూసి తేల్చరు, వారం పాటు రోజూ చూపించుకుని అప్పుడు డాక్టర్ దగ్గరికెళ్లు" అన్నాడు, పదేళ్లుగా మాత్ర మింగుతున్న సీనియర్ కదా.

డెస్క్ డ్రాయర్ తీస్తే సగం తిన్న మిక్చర్ ప్యాకెట్, పక్కనే మొన్న ఊరి నుంచి వచ్చిన ఆవకాయ సీసా, ఇంకా మూత కూడా తియ్యలేదు.