కొత్త బెల్ వేటలో
గేటు దగ్గరి వీడియో డోర్‌బెల్ ఎండకీ వానకీ చేతులెత్తేసింది, కొరియర్ అబ్బాయి వెళ్లిపోయాక గానీ ఫోన్‌కి నోటిఫికేషన్ రావట్లేదు. కొత్తది చూస్తే అసలు తిరకాసంతా వైరింగ్‌లోనే ఉంది. మన ఇళ్లలో మామూలు బెల్‌కి వచ్చేది 230 వోల్టులు, అమెరికా వైర్డ్ మోడళ్లు చాలావరకు అడిగేది 16 నుంచి 24 వోల్టుల ఏసీ, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టకుండా నేరుగా కలిపితే మాడి మసే. బ్యాటరీదైతే ఆ గొడవ లేదు, కానీ మాటిమాటికీ ఊడదీసి చార్జింగ్ పెట్టే ఓపిక ఎవరికుంది? పైగా కొన్నిటికి పాత రికార్డింగులు చూడాలంటే నెలనెలా చందా, మన గుమ్మం మనం చూసుకోడానికి అద్దె కట్టాలా! అందుకే మెమరీ కార్డు, ఆర్‌టీఎస్‌పీ (కెమెరా వీడియోని ఇంటి నెట్‌వర్క్‌లో వేరే సాఫ్ట్‌వేర్‌కి నేరుగా పంపే పద్ధతి) రెండూ ఉన్నదే తీసుకుంటా, ఇంట్లో స్మార్ట్ పరికరాలన్నీ ఒకేచోట నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌కి కలిపేసుకోవచ్చు, ఇంటర్నెట్ పోయినా రికార్డింగ్ ఆగదు. అలాంటిది వాడుతున్నవాళ్లుంటే మోడల్ చెప్పండి, పడమటి ఎండ తగిలే గోడకి.