కొరింథులో డేరాలు కుట్టిన చోట

ఏథెన్సు నుంచి పడమరగా దాదాపు 80 కిలోమీటర్లు ప్రయాణిస్తే పాత కొరింథు వస్తుంది. మాతో యాత్రకు వచ్చినవారిలో ఎక్కువమంది యోహానుకు దర్శనాలు కలిగిన పత్మాసు ద్వీపం కోసం ఎదురుచూస్తుండగా, నేను మాత్రం ఈ ఊరి కోసమే వచ్చాను. మా నాన్నగారు ఒంగోలులో పెళ్ళిపందిళ్ళకు షామియానాలు కుట్టేవారు. బైబిల్లో అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో "వారు వృత్తికి డేరాలు కుట్టువారు" అన్న మాట వచ్చినప్పుడల్లా ఆయన చదవడం ఆపి, వేలు ఆ వరుస మీదే ఉంచి, కాసేపు మౌనంగా ఉండేవారు. మైనం పూసిన దారాన్ని ఏళ్ళ తరబడి బిగించి లాగినందువల్ల ఆ వేలి మీద సన్నని గాడి పడి ఉండేది.

అపొల్లో గుడిలో మిగిలిన ఏడు స్తంభాలను చూసి, అంగళ్ళ పునాదుల దగ్గరకు వచ్చి నిలబడ్డాను. నాలుగైదు అడుగులు వేస్తే చివరి గోడ తగిలేంత చిన్న గదులవి. రోము విడిచి వెళ్ళవలసి వచ్చిన అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి అపొస్తలుడైన పౌలు పనిచేసింది ఇటువంటి కొట్టులోనే అయి ఉంటుంది. అతడు ఈ ఊళ్ళో ఏడాదిన్నర ఉన్నాడు. అతణ్ణి ఈ ప్రాంతపు రోమా అధికారి గల్లియోను ఎదుట నిలబెట్టిన న్యాయపీఠం కూడా ఆ అంగళ్ళ నడుమనే ఉంది. దెల్ఫీలో దొరికిన శాసనాన్ని బట్టి గల్లియోను అధికారం క్రీ.శ. 51–52 ప్రాంతానిదని చెబుతారు.

పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక, అంటే లేఖ, కూడా ఇక్కడినుంచే వెళ్ళిందని చాలామంది పండితుల అభిప్రాయం. "నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించును" అన్న వచనాన్ని నేను చిన్నప్పటినుంచి ప్రసంగపీఠం మీదనుంచే విన్నాను. ఆ మాట వ్రాసిన మనిషి అంతకుముందే ఇదే ఊరివారికి కటికి అంగడిలో కొన్న మాంసం గురించి, సహోదరుల మధ్య వ్యాజ్యాల గురించి, ఆదివారం ఆదివారం కొంత సొమ్ము తీసి ఉంచడం గురించి వ్రాశాడన్న సంగతి ఆ రాళ్ళ మధ్య నిలబడితేగాని నా మనసుకు పట్టలేదు. క్రియలు లేని విశ్వాసం మృతమని తన పత్రికలో వ్రాసిన యాకోబును, విశ్వాసమూలముగా జీవించడం గురించి వ్రాసిన పౌలుకు ఎదురుగా నిలిపి వాదించేవారున్నారు. ఈ అంగడి వీధిలో నాకు ఆ తగవు కనిపించలేదు.

కొరింథీయులను అతడు గట్టిగా గద్దించింది ప్రభువు బల్ల, అంటే యేసు కడరాత్రి భోజనాన్ని జ్ఞాపకం చేసుకుంటూ కలిసి తినే విందు, విషయంలో. సంపన్నుల ఇళ్ళలోని భోజనశాలలో సుమారు తొమ్మిదిమందికే చోటుండేది. ముందు వచ్చినవారు తినేసి మత్తులో ఉంటే, పని ముగించుకుని వచ్చే దాసులకూ కూలివారికీ ఆకలే మిగిలేది. అది చదివినప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాదు. ఒక క్రిస్మసు విందులో వడ్డన బాధ్యత నాది. నాకు తెలిసినవారిని ముందు బంతిలో కూర్చోబెట్టాను. పొగాకు బేళ్ళు మోసి, స్నానం చేసి, ఉతికిన చొక్కాలతో ఆలస్యంగా వచ్చినవారికి అడుగంటిన అన్నం, పలచని పప్పుచారు వడ్డించాను. వారు ఏమీ అనలేదు. నాన్నగారు ఆ రాత్రి తన విస్తరి ముట్టకుండా లేచిపోయారు. ఆ పాపాన్ని న్యాయపీఠం ముందర మోకరించి, పెదవులు కదపకుండా ఒప్పుకున్నాను.

మధ్యాహ్నం కెంక్రేయ రేవుకు వెళ్ళాము. సంఘ పరిచారకురాలైన ఫీబే ఊరిది. మ్రొక్కుబడి ఉన్నందున పౌలు తల వెండ్రుకలు కత్తిరించుకున్నదీ ఇక్కడే. తలనీలాల మొక్కు తెలిసిన మనకు ఆ వాక్యాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. పాత రేవు గోడలు సగం నీళ్ళలో మునిగి ఉన్నాయి, వాటి మీదుగా చిన్న అలలు వచ్చిపోతున్నాయి.

ఒడ్డున చెట్టు నీడలో భోజనానికి కూర్చున్నాము. మాతో వచ్చిన ఇద్దరు పెద్దమ్మలు మోకాళ్ళ నొప్పులతో ఇంకా గులకరాళ్ళ మీదుగా నెమ్మదిగా వస్తున్నారు. పొట్లాలు పంచే పని నాకే అప్పగించారు. "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి" అని పౌలు ఈ ప్రాంతంవారికే వ్రాశాడు. నేను సంచి మూతి ముడివేసి ఒడిలో పెట్టుకుని, వారు వచ్చి కూర్చున్నాక మొదటి రెండు పొట్లాలూ వారి చేతికిచ్చాను.