ఎదురుగా కూర్చున్న అమ్మమ్మ

మేం ఉండేది డల్లాస్‌లో. ఎప్పుడు టికెట్లు కొన్నా డిసెంబరుకే కొంటాం. పిల్లల బడికి దొరికే రెండు వారాల సెలవులు సరిగ్గా ధనుర్మాసంలో పడతాయి. అట్లతద్దికి రాలేం, సంక్రాంతి దాకా ఉండలేం. నెల ముగ్గులూ గొబ్బెమ్మలూ అయినా అందుతాయి కదా అని నా ఆశ.

మా అమ్మాయికి 11 ఏళ్లు. దానికి ఆడపిల్ల కళ అబ్బాలని నాకు చాలా కోరిక. ఈ మాట చెప్పుకోవడానికి నేనేం మొహమాటపడను. పొద్దున్నే వాకిట్లో ముగ్గు, జడలో పూలు, ఆషాఢంలో గోరింటాకు, ఊరికే కూర్చున్నప్పుడు చేతిలో ఏదో ఒక అల్లిక. వీటి మధ్య పెరిగాను. వీటి వల్ల నా చేతికొచ్చిన నెమ్మది చదువు వల్ల రాలేదు, ఉద్యోగం వల్ల అసలే రాలేదు. అందుకే అక్కడ ఆదివారం తరగతుల్లో చేర్పించాను. వారానికి ఒక గంట. ముగ్గు నేర్చుకుంది, కానీ సోమవారం పొద్దున లేచి ముగ్గెయ్యాలని దానికి ఒక్కసారీ అనిపించలేదు.

నరసాపురం దగ్గర మా ఊళ్లో అయితే ఎవరూ చెప్పక్కర్లేదు. తెల్లారకుండానే కళ్లాపి చప్పుడు వినిపిస్తుంది. రెండో రోజుకే అది దుప్పటి కప్పుకుని అరుగు మీదకొచ్చి కూర్చుంది. మూడో రోజు ముగ్గు డబ్బా అడిగింది. 11 చుక్కలు, సందు చుక్క, 6 వచ్చేదాకా. చుక్కలన్నీ చక్కగా పెట్టింది. తీరా కలపబోతుంటే నా నోరు ఊరుకోలేదు. "కుడి చేత్తో వెయ్యవే. వాకిట్లో లక్ష్మి ముగ్గు ఎడం చేత్తోనా?" అన్నాను.

దానిది పుట్టు ఎడంచేతివాటం. ఏమీ అనలేదు. డబ్బా మెట్టు మీద పెట్టి లోపలికెళ్లిపోయింది. ఆ రోజు సగం కలిపిన ముగ్గు అలాగే ఉండిపోయింది. ఎంత బాధపడ్డానో! అలవాటు చెయ్యాలని ఇంత దూరం తీసుకొచ్చి, ఒక్క మాటతో నేనే దూరం చేశాను.

మా అమ్మ నన్నేమీ అనలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక లేసు డబ్బా తెచ్చుకుని చావిట్లో కూర్చుంది. మా వైపు ఆడవాళ్లకి అది ఊపిరి లాంటిది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని ఊరూరా పాకి, కొక్కెం సూది పట్టని ఇల్లు లేనంతగా అయింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. అమ్మ అల్లిన లేసుల డబ్బుతోనే నా ఇంటర్ పుస్తకాలు కొన్నారు. అందుకే దీన్ని ఎవరైనా కాలక్షేపం అంటే నాకు ఒళ్లు మండుతుంది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఇక్కడికొచ్చి చూసి, 1982లో అదే రాశారు: రోజుకి ఆరేసి, ఎనిమిదేసి గంటలు అల్లి, విదేశాలకి పోయే సరుకు తయారుచేస్తున్నా, వీళ్లని ఇంట్లో తోచక అల్లుకునే ఇల్లాళ్లు అనే లెక్కేశారని. ఆ సంగతి కూడా మా అమ్మాయికి తెలియాలి. లేసు నేర్పి, దాని కూలి సంగతి దాచిపెడితే అది సగం నేర్పడమే.

అమ్మ దాన్ని పిలిచింది. పక్కన కూర్చోబోతే "పక్కన కాదమ్మా, నాకెదురుగా కూర్చో" అంది. సూది దాని ఎడం చేతికే ఇచ్చింది. "నా చెయ్యి ఎటు కదిలితే నీ చెయ్యీ అటే కదుపు. అద్దంలో చూసుకున్నట్టు." మోకాళ్లకి మోకాళ్లు ఆనించి కూర్చున్నారిద్దరూ. దారం వేలికి రెండు చుట్లు, కొక్కెం కింద నుంచి దూర్చి, దారం పట్టి, మెల్లగా లాగడం. మొదటి గొలుసు మరీ బిగుసుకుపోయింది. విప్పించింది. రెండోది వదులైంది. అదీ విప్పించింది. నాలుగోసారికి జానెడు గొలుసు వచ్చింది.

నాకేమో కుడి చేత్తో చెయ్యమని చెప్పడమొక్కటే తెలిసింది. అమ్మకి చోటు మారి కూర్చోవడం తెలిసింది.

ఆ రాత్రి నాలో నేనే ఒక లెక్క వేసుకున్నాను. ముగ్గు కావాలి, పూలజడ కావాలి, లేసు కావాలి. పెద్దగా నవ్వకు, మగవాళ్లు తిన్నాకే తిను, ఎదురు చెప్పకు అని నాకు నూరిపోసినవి దానికి అక్కర్లేదు. అవి లేకపోతే కళ తగ్గుతుందని చెప్పేవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. నేను ఒప్పుకోను. మా అమ్మ నవ్వితే వీధి చివరికి వినిపిస్తుంది. ఆవిడ ముగ్గు ముందు నిలబడే ముగ్గు మా వీధిలో ఇంకొకటి లేదు.

మర్నాడు పొద్దున అది ఎడం చేత్తోనే ముగ్గు పూర్తి చేసింది. గుమ్మడిపూలు గుచ్చిన గొబ్బెమ్మ మధ్యలో పెట్టింది. నేను ఫొటో తియ్యలేదు. ఊరికే పక్కన నిలబడ్డాను.

ఇప్పుడు డల్లాస్‌లో ప్రతి శనివారం రాత్రి తొమ్మిదింటికి, అంటే మా ఊళ్లో ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి, ఇద్దరూ వీడియో కాల్‌లో లేసు పట్టుకుని కూర్చుంటున్నారు. ఫోన్‌లో ఎలా నేర్పుతావమ్మా అని అడిగాను.

"ఫోన్‌లో అయినా ఎదురెదురుగానే కదే కూర్చునేది" అంది.