రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు

మా అమ్మ ఏలూరు నుంచి వచ్చి అప్పటికి ఏడు వారాలు. ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర మా ఇంట్లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆవిడతో మాట్లాడే మనిషి లేరు. మేమిద్దరం ఆఫీసుకి, పిల్లలిద్దరూ స్కూలుకి. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, ఎదురింటి పిల్లి గోడెక్కడం, దిగడం చూస్తూ కూర్చునేది. అందుకే శనివారం మధ్యాహ్నం సరుకులకి వెళ్లేటప్పుడు ఆవిడనీ కూడా తీసుకెళ్లడం అలవాటు చేసుకున్నాను.

ఆ శనివారం సూపర్ మార్కెట్‌లో అమ్మ బెండకాయల ప్యాకెట్ చేతిలో పట్టుకుని, ప్లాస్టిక్ కవరు మీంచే ఒక్కో కాయ కొసనీ బొటనవేలితో నొక్కి చూస్తోంది. కొస విరిచి చూస్తే గానీ ఆవిడకి నమ్మకం కుదరదు. కవరులో ఉన్నదాన్ని విరవడం ఎలాగో తెలియక అక్కడే నిలబడిపోయింది. ఇంతలో వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"ముదురండీ అవి. పోయిన వారం తీసుకెళ్లి సగం పారేశాను."

అమ్మ గబుక్కున వెనక్కి తిరిగింది. ఆ తిరగడం నాకింకా కళ్లకి కట్టినట్టే ఉంది. మోకాళ్ల నొప్పులని ఇంట్లో గోడ పట్టుకుని నడిచే మనిషి! వెనకనుంచి మాట్లాడినావిడది భీమవరమట. కొడుకు దగ్గరికి వచ్చి రెండు నెలలైందట. ఏ ఊరు, ఎవరి తాలూకు అన్న దగ్గర మొదలై, ఇంటిపేర్లు, మోకాళ్లు, బీపీ మాత్రలు, ఇక్కడి చలి, మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడిపోవడం, అన్నీ వచ్చేశాయి. నేను మిగతా సరుకులన్నీ తీసుకుని, బిల్లు కట్టి, ట్రాలీతో మళ్లీ కూరగాయల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు. అమ్మ నవ్వుతోంది. ఈ దేశంలో ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు.

అప్పుడు మా అమ్మాయి నా చెయ్యి లాగింది. దానికి పన్నెండేళ్లు. కారు దిగగానే కనిపించిన బోర్డు ప్రతిదీ చదువుతుంది. "అమ్మా, నాలుగు దాటింది. ఇక్కడ పార్కింగ్ రెండు గంటలే."

"ఏం కాదులే," అన్నాను.

తొమ్మిదో రోజున కవరు వచ్చింది. లోపల మా కారు ఫోటోలు రెండు. ఒకదాంట్లో వాన నీళ్లు కారుతున్న నంబర్ ప్లేట్, 2:07. రెండోదాంట్లో ఎర్రగా వెలుగుతున్న వెనక లైట్లు, 4:31. కింద 100 పౌండ్లు, 14 రోజుల్లోగా కడితే 60 అని ఉంది. ఉత్తరం మా ఆయన పేరు మీద వచ్చింది. ఆ శనివారం ఆయన ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ ఉన్నారు, గుమ్మం కూడా దాటలేదు.

"నాన్న రాలేదు కదా, నాన్న పేరెందుకు రాశారు?" అని మా ఏడేళ్లవాడు అడిగాడు. నాకు వెంటనే జవాబు తెలియలేదు. తర్వాత తెలుసుకున్నాను. గేటు దగ్గర కెమెరా నంబరు చదువుతుంది. ఆ కారు ఎవరి పేరు మీద నమోదై ఉందో పార్కింగ్ కంపెనీ డీవీఎల్‌ఏని, అంటే బళ్ల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థని అడుగుతుంది. అలా అడిగిన ప్రతిసారీ రెండున్నర పౌండ్లు కడుతుంది. ప్రైవేటు స్థలాల్లో కారు చక్రానికి తాళం వేసే పద్ధతిని ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో 2012 అక్టోబరు నుంచి చట్టం ఆపేసింది. దానికి బదులుగా, నడిపింది ఎవరో చెప్పకపోతే కారు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లనే అడిగే హక్కును అదే చట్టం ఆ కంపెనీలకి ఇచ్చింది. అయితే కెమెరా చూసి పంపే నోటీసు 14 రోజుల్లోగా ఇంటికి చేరాలి. మా అమ్మాయి క్యాలెండర్ తీసి రోజులు లెక్కపెట్టింది. "సరిగ్గానే పంపారు," అంది నిరాశగా.

ఆ రాత్రి మా తెలుగు వాళ్ల గ్రూపులో అడిగాను. పది నిమిషాల్లో ఇరవై సలహాలు వచ్చాయి. అది ప్రైవేటు వాళ్లది, చెత్తబుట్టలో వేసేయమన్నారు సగం మంది. వీసా వ్యవహారాలున్నాయి కదా, గొడవెందుకు, నోరు మూసుకుని కట్టేయమన్నారు మిగతా సగం. నిజం చెప్తున్నాను, నా మొదటి ఆలోచన రెండోదే. ఈ దేశంలో ఇంగ్లీషులో, మందపాటి కాగితం మీద, పైన రిఫరెన్స్ నంబరుతో ఏది వచ్చినా నాకు కడుపులో దడ మొదలవుతుంది. పన్నెండేళ్లు దాటినా అది పోలేదు. ఆ టెన్షన్ పిల్లలు చూస్తూనే ఉంటారు. కవరు చింపుతున్నప్పుడు అమ్మ చేతులు వణుకుతాయని మా అమ్మాయికి తెలుసు.

ఆ ఉత్తరాన్ని నాకంటే ముందు పూర్తిగా చదివింది అదే. రెండు పేజీలూ, వెనక వైపు చిన్న అక్షరాలతో సహా. చదివి, పసుపు రంగు పెన్నుతో గీతలు గీసి తెచ్చింది. కౌన్సిల్ వాళ్లు, అంటే ఇక్కడి మునిసిపాలిటీ వాళ్లు, రోడ్డు మీద ఇచ్చేదీ పీసీఎన్, ఇదీ పీసీఎన్. సీఎన్ అంటే రెండింట్లోనూ ఛార్జ్ నోటీసే. కానీ అందులో పీ అంటే పెనాల్టీ, ఇందులో పార్కింగ్. అది చట్టం వేసే జరిమానా. ఇది ఒప్పందం తప్పినందుకు ఒక కంపెనీ అడిగే డబ్బు. పోలీసు కేసు కాదు, లైసెన్స్ మీద పాయింట్లు పడవు. "మరి మనం ఒప్పందం మీద సంతకం పెట్టలేదు కదా?" అంది. బోర్డు చదివి లోపల కారు ఆపామంటే ఒప్పుకున్నట్టేనని చెప్పాను. అది కొంచెంసేపు ఆలోచించి, "నేను చదివాను. నువ్వు చదవలేదు," అంది.

అలాగని చెత్తబుట్టలో వేయడమూ సరికాదు. చెమ్స్‌ఫర్డ్ అనే ఊళ్లో బ్యారీ బీవిస్ అనే ఆయన రెండు గంటల పార్కింగ్‌లో 56 నిమిషాలు ఎక్కువ ఉన్నాడు. 85 పౌండ్లు కట్టమంటే కట్టనని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2015లో ఓడిపోయాడు. ఆ మొత్తం న్యాయమైనదేనని, షాపులకి వచ్చేవాళ్లకి ఖాళీ దొరకాలంటే ఏదో ఒక కట్టడి ఉండాలని కోర్టు అంది. నోటీసులు పట్టించుకోకుండా ఉంటే చిన్న కోర్టులో దావా వేయొచ్చు. అక్కడ మనకి వ్యతిరేకంగా తీర్పు వచ్చాక కూడా నెలలోగా కట్టకపోతే ఆరేళ్లపాటు క్రెడిట్ రికార్డులో ఉండిపోతుంది. ఇల్లు కొందామనుకునే వాళ్లకి అది 60 పౌండ్లతో పోయేది కాదు. గ్రూపులో ధైర్యం చెప్పేవాళ్లు ఈ మాట చెప్పరు.

అప్పీల్ రాద్దామని కూర్చున్నాను. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్, పక్కన మా అమ్మాయి. నా వేళ్లు వాటంతట అవే రాసేశాయి. మా అమ్మగారికి డెబ్బై ఒక్క ఏళ్లు, షాపులో హఠాత్తుగా కళ్లు తిరిగాయి, కాసేపు కూర్చోబెట్టాల్సి వచ్చింది, అందువల్ల ఆలస్యమైంది.

"అమ్మమ్మకి కళ్లు తిరిగాయా?" మా అమ్మాయి కుర్చీలోంచి లేచింది. "ఎప్పుడు?"

"అలా రాస్తే వాళ్లకి జాలి కలుగుతుంది," అన్నాను.

అది నన్ను ఏమీ అనలేదు. నా మాట దానికి పూర్తిగా అర్థం కాలేదు కూడా. తిన్నగా అమ్మ గదిలోకి వెళ్లింది. "అమ్మమ్మా, ఆ రోజు షాపులో నీకు బాగాలేదా? మాకెందుకు చెప్పలేదు?" అని అడగడం వినిపించింది. గొంతులో నిజమైన కంగారు.

"బాగాలేకపోవడమేంటి తల్లీ," అంది అమ్మ. "ఇక్కడికొచ్చాక నాకు అంత బాగున్న రోజే లేదు."

నేను రాసింది చెరిపేశాను.

ఆ అబద్ధం ఎక్కడనుంచి వచ్చిందో నాకు తెలుసు. చిన్నప్పుడు స్కూల్లో మేమందరం లీవ్ లెటర్లు రాసేవాళ్లం. 'నేను జ్వరంతో బాధపడుతున్నందువలన' అని మొదలయ్యేది. నిజానికి వెళ్లింది బాబాయి పెళ్లికి. అది టీచరుకీ తెలుసు, మా నాన్నకీ తెలుసు, కింద సంతకం పెట్టింది ఆయనే. ఎవరూ దాన్ని అబద్ధం అనుకోలేదు. కాగితం మీద రాయాల్సిన కారణం వేరు, అసలు కారణం వేరు, అంతే. ఇక్కడా మనవాళ్లు కొందరు సెలవులకి నాలుగు రోజుల ముందే ఇండియా ఫ్లైట్ ఎక్కి, పిల్లలకి కడుపునొప్పి అని స్కూలుకి ఫోన్ చేస్తారు. అనుమతి లేకుండా మానిపిస్తే ఒక్కో పిల్లకి, ఒక్కో తల్లికో తండ్రికో 80 పౌండ్ల ఫైన్ పడొచ్చని. ఆ ఫోన్ మాట్లాడేటప్పుడు పిల్లలు పక్కనే సూట్‌కేస్ మీద కూర్చుని ఉంటారు. వాళ్లకి ఏం అర్థమవుతుంది? ఉత్తరాల్లో నిజం రాయక్కర్లేదనా? లేక ఇక్కడ నిజం రాస్తే మనలాంటి వాళ్లని నమ్మరనా? రెండోది నాకు ఇంకా భయం. ఎందుకంటే నా లోపల ఉన్నది అదేనని ఆ రోజే తెలిసింది.

అమ్మని కూడా కూర్చోబెట్టుకుని ఉన్నది ఉన్నట్టు రాశాం. ఇంగ్లీషు మా అమ్మాయిది, విషయం అమ్మది. ఏడు వారాలుగా తన భాష మాట్లాడే మనిషి దొరకని పెద్దావిడకి ఒకరు దొరికారని, మాటల్లో టైం తెలియలేదని, టైం అయిందని పాప చెప్పినా తల్లి వినలేదని. ఆ చివరి ముక్క వద్దనబోయాను. మళ్లీ ఊరుకున్నాను. 3:48 అని టైం ఉన్న బిల్లు జతచేశాం. నియమాల్లో పది నిమిషాల వెసులుబాటు ఉంటుంది, అది తీసేసినా పద్నాలుగు నిమిషాలు ఎక్కువేనని మేమే రాశాం.

షాపులో కస్టమర్ సర్వీస్ వాళ్లకీ బిల్లు చూపించాం. నిజంగా సరుకులు కొన్నవాళ్ల నోటీసు రద్దు చేయమని షాపు వాళ్లు కంపెనీకి చెప్పే సందర్భాలున్నాయి, ఎవరికైనా ఇలా జరిగితే ముందు అక్కడే అడగండి. మాకు మాత్రం అవ్వలేదు. కౌంటర్ దగ్గర అమ్మాయి మర్యాదగా విని, అది తమ చేతుల్లో లేదంది. మూడు వారాలకి కంపెనీ జవాబు వచ్చింది. బోర్డులు స్పష్టంగా ఉన్నాయి, అప్పీల్ తిరస్కరించాం, 60 పౌండ్లు కట్టడానికి ఇంకో 14 రోజులు ఇస్తున్నాం.

దానిపైన ఇంకో మెట్టు ఉంది. పాప్లా అని, కంపెనీకి సంబంధం లేని వాళ్లు చూసే అప్పీల్. మనకి ఖర్చు లేదు. కానీ అక్కడ ఓడిపోతే 60 పోయి 100 అవుతుంది. నోటీసు ఆలస్యంగా వచ్చినా, బోర్డు కనబడకుండా ఉన్నా, పార్కింగ్ ఖాళీ కోసం తిరిగినందుకే టైం దాటినా నేను తప్పకుండా వెళ్లేదాన్ని. కెమెరా లెక్క గేటు నుంచి గేటు వరకు, కారు ఆపిన టైం కాదు. అలాంటిచోట భయపడి కట్టేయడం నాకిష్టం లేదు. మా విషయంలో అవేవీ లేవు.

"నేను మాట్లాడినందుకు అరవై పౌండ్లా?" అమ్మ లోపల్లోపల రూపాయల్లోకి మార్చుకుంటోందని ముఖం చూస్తే తెలుస్తోంది. "ఇక్కడ తెలిసినవాళ్లెవరూ లేరేంటే, ఒక మాట చెప్పించడానికి?"

"చెప్పించక్కర్లేదు అమ్మమ్మా, మనమే చెప్పాం," అంది మా అమ్మాయి. "వాళ్లు ఒప్పుకోలేదు."

ఈలోగా భీమవరం ఆవిడ రెండు ఆదివారాలు మా ఇంటికి వచ్చారు. కొడుకు దింపి వెళ్తాడు, సాయంత్రం వచ్చి తీసుకెళ్తాడు. ఇద్దరూ వంటింట్లో కూర్చుని పచ్చి బెండకాయలు కొసలు విరుచుకుంటూ మాట్లాడుకుంటారు. ఇండియన్ షాపులో విడిగా దొరుకుతాయట, ఆవిడ కనిపెట్టారు. కిటికీ పక్కన కుర్చీ ఇప్పుడు ఎక్కువగా ఖాళీగానే ఉంటోంది.

గడువు చివరి రోజు రాత్రి డబ్బు కట్టాను. మా అమ్మాయి పక్క గదిలో హోంవర్క్ చేసుకుంటోంది. వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. మా నాన్న నాకు ఎప్పుడూ సారీ చెప్పలేదు. చెప్పాల్సి వస్తే తినడానికి ఏదో ఒకటి తెచ్చి చేతిలో పెట్టేవాడు. నాకూ అదే అలవాటు. ఆ రాత్రి మాత్రం చేతిలో ఏమీ లేదు.

"ఆ రోజు నువ్వు టైం చెప్పావు. నేను వినలేదు. తప్పు నాదే, సారీ," అన్నాను.

అది పుస్తకంలోంచి తలెత్తి చూసింది. నేను అంత బరువుగా నిలబడి ఉండడం దానికి వింతగా అనిపించినట్టుంది. లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏం కాదులే అమ్మా," అంది.