జట్కా ఇంటి టీచర్ గారు

మన పాఠశాలలో ఉదయం ప్రార్థన జరిగేటప్పుడు మిగిలిన ఉపాధ్యాయులందరూ వేదిక మీద నిలబడితే, జీవశాస్త్రం టీచర్ గారు చేతులు వెనక్కి కట్టుకుని, తల కొంచెం వంచి, వరుసల పక్కగా మా పాదాలు చూస్తూ నడిచేవారు. ఎవరి కాలికి చెప్పు లేదు, ఎవరు ఒక కాలి మీదే బరువు ఆపుకుంటున్నారు, ఎవరి మడమ పగిలింది, ఎవరి బొటనవేలికి గుడ్డ పీలిక చుట్టి ఉంది అన్నవన్నీ జనగణమన పూర్తయ్యేలోగా ఆమెకు తెలిసిపోయేవి. 1986లో పదో తరగతి పూర్తిచేసిన మా బ్యాచ్‌లో ఎవరిని అడిగినా ఆమె గురించి మొదట చెప్పే మాట ఇదే. ఆ చూపు ఆమెకు గుర్రాల దగ్గర అబ్బిందని మాత్రం బడి వదిలిన చాలా ఏళ్లకు గాని మాకు తెలియలేదు. పోయిన మాఘమాసంలో ఆమె కన్నుమూశారు. ఈ సంచికకు ఆమె గురించి రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, నాకు ఆమె చెప్పిన పాఠాల కంటే ఆ గుర్రాల సంగతే రాయాలనిపించింది. భర్తనూ, పిల్లలనూ, మమ్మల్నీ ఆమె చూసుకున్న తీరంతా అక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం.

1984లో నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం రైలు పట్టాల పక్కన ఆడుకుంటుంటే రబ్బరు చెప్పును చీల్చుకుని ఒక తుప్పు మేకు నా కుడి మడమలో దిగింది. ఇంట్లో చెబితే దెబ్బలు తప్పవని మేకు పీకేసి, పసుపు అద్ది ఊరుకున్నాను. మర్నాడు ప్రార్థనలో టీచర్ గారు నా దగ్గర ఆగి, "మడమ ఆనించడం లేదేం నాన్నా?" అని అడిగారు. కుళాయి గట్టు మీద కూర్చోబెట్టి, నా కాలు తన ఒళ్లోకి తీసుకున్నారు. నేరుగా గాయం దగ్గరికి పోకుండా మోకాలి దగ్గర చెయ్యి ఆనించి, పిక్క మీదుగా, చీలమండ మీదుగా నెమ్మదిగా కిందికి జార్చుకుంటూ వచ్చి, చివరికి బొటనవేలితో మడమ చుట్టూ నొక్కి చూశారు. ఆ వెంటనే రిక్షా పిలిపించి ఆసుపత్రికి తీసుకెళ్లి సూది వేయించారు. మా ఇంటికి కూడా తనే వచ్చి, నాన్న నా మీద చెయ్యి ఎత్తకుండా మాట తీసుకుని వెళ్లారు.

మర్నాడు పాఠ్యప్రణాళిక పక్కన పెట్టి ధనుర్వాతం గురించి చెప్పారు. ఆ రోగం తెచ్చే బాక్టీరియా సిద్ధబీజాల రూపంలో మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుందనీ, గుర్రాల పేగుల్లోనూ లద్దెలోనూ అది ఎక్కువగా కనిపిస్తుందనీ, గాలి తగలని లోతైన గాయంలో పెరిగి విషం విడుస్తుందనీ చెప్పారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రానికి ఎక్కిస్తూ పోతే దాని రక్తంలో విరుగుడు తయారవుతుందనీ, ఆ రక్తం నుంచి తీసిన సీరమే ఎన్నో ఏళ్లపాటు మనుషుల ప్రాణాలు నిలిపిందనీ, కంఠసర్పికి (డిఫ్తీరియాకు) ఇలాంటి సీరం చికిత్స కనుగొన్నందుకే 1901లో జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ వాన్ బేరింగ్‌కు వైద్యంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి వచ్చిందనీ వివరించారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి కాటుకూ మన దేశంలో వాడే విరుగుడు మందు కూడా గుర్రాల రక్తం నుంచే వస్తుందన్నారు. నిన్న నాకు వేసిన టీకా అలాంటిది కాదనీ, అది మన ఒంటికే విరుగుడు తయారుచేయడం నేర్పుతుందనీ రెండింటికీ ఉన్న తేడా నల్లబల్ల మీద బొమ్మ వేసి చూపించారు. "విషమూ గుర్రం దగ్గరే ఉంది, విరుగుడూ గుర్రం దగ్గరే ఉంది" అని చెబుతున్నప్పుడు ఆమె గొంతు మారింది. ఎందుకు మారిందో ఆనాడు మాకు అర్థం కాలేదు.

ఆమె తండ్రి గారు జట్కా తోలేవారు. అప్పట్లో వాల్తేరు స్టేషన్ అని పిలిచే మన విశాఖపట్నం రైల్వే స్టేషన్ దగ్గర బండి కట్టి వన్ టౌన్‌కూ, కొత్త రోడ్డుకూ, పెద్దాసుపత్రికీ సవారీలు వేసేవారు. ఆసుపత్రి ఎత్తు ఎక్కేటప్పుడు ఆయన బండి దిగి, కళ్లెం పట్టుకుని గుర్రం పక్కన నడిచేవారట. బండిలో తన పిల్లలుంటే వాళ్లనూ దింపేసేవారట. రాత్రి ఉలవలు నానబెట్టి, తెల్లవారుజామున ఉడికించి, ముందు గుర్రానికి పెట్టి, అందులోంచి తలో గుప్పెడు తీసి ఉప్పూ ఉల్లిపాయా కలిపి పిల్లలకు పెట్టేవారు. టీచర్ గారి టిఫిన్ డబ్బాలో వారానికి రెండు రోజులైనా ఉలవ గుగ్గిళ్లు ఉండడం, అవి మాకు పంచడం మన అందరికీ తెలిసిందే.

ఆమెకు ఏడేళ్లప్పుడు, అరిగిపోయిన నాడా నుంచి ఊడిన మేకు ఒకటి గుర్రపుసాలలో ఆమె అన్నయ్య కాలిలో దిగింది. ఆ అబ్బాయికి పదకొండేళ్లు. వారం దాటాక దవడలు బిగిశాయి. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ఆలస్యమైపోయింది. గుర్రాన్ని అమ్మేయమని తల్లి ఏడ్చి పట్టుబట్టినా, తినే నాలుగు మెతుకులూ దాని కాళ్ల మీదే వస్తున్నాయని తండ్రి అమ్మలేదు. ఆనాటి నుంచి ప్రతి సాయంత్రం ఆయన మోకాళ్ల మీద కూర్చుని గుర్రపుసాల నేలంతా చేతులతో తడుముతూ మేకులు ఏరేవారు. లాంతరు పట్టుకుని పక్కన నిలబడింది టీచర్ గారే. అన్నయ్యను తీసుకుపోయిన ఆ గుర్రం సంపాదన మీదే ఆమె డిగ్రీ చదివారు, ఆంధ్రా విశ్వవిద్యాలయంలో బి.ఎడ్. పూర్తిచేశారు. ఈ విషయం నాకు ఆమె ఒకే ఒక్కసారి, తాను పెంచుతున్న గుర్రం డెక్క శుభ్రం చేస్తూ, తల ఎత్తకుండా చెప్పారు.

ఆమె భర్త గారు షిప్‌యార్డులో వెల్డరుగా పనిచేశారు. చిన్నప్పుడు గుర్రం కరిచినందువల్ల ఆయనకు గుర్రమంటే భయం. అయినా ఆదివారం సాయంత్రాలు భార్యనూ, కొడుకునూ, కూతురినీ వెంటబెట్టుకుని రామకృష్ణా బీచ్‌కు వచ్చేవారు. ఆయన ముంత మసాలా పొట్లాలు పట్టుకుని గట్టు మీద కూర్చుంటే, ఈవిడ పిల్లలను సవారీ తిప్పే గుర్రాల దగ్గరికి వెళ్లేవారు. జీను కింద పుండు పడిందా, నాడా వదులైందా, నీళ్లు ఎప్పుడు పెట్టారు అని అడిగేవారు. సవారీవాళ్లు మొదట విసుక్కున్నా, తర్వాత్తర్వాత ఆమెను డాక్టరమ్మ అని పిలిచి తమంతట తామే గుర్రాలను చూపించుకునేవారు.

గుర్రానికి సరిగ్గా ముక్కు ముందున్నదీ, సరిగ్గా తోక వెనకున్నదీ కనబడదు. మిగతా చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది. అందుకే ముందు మాట వినిపించి, తర్వాత భుజం వైపు నుంచి దగ్గరికి వెళ్లాలని ఆమె చెప్పేవారు. మా తరగతిలో నత్తి వల్ల నోరు విప్పని ఒక అబ్బాయి ఉండేవాడు. మిగతా మాస్టార్లు అతన్ని లేపి నిలబెట్టి, ఎదురుగా నిలబడి ప్రశ్న అడిగితే అతనికి చెమటలు పట్టేవి. ఈవిడ అతని బెంచీ పక్కకు వెళ్లి, భుజం దగ్గర నిలబడి, అతనితోపాటు తనూ పుస్తకంలోకి చూస్తూ అడిగేవారు. అతను జవాబు చెప్పేవాడు. షిప్‌యార్డు మోతలో వినికిడి తగ్గిన భర్త గారిని కూడా ఆమె ఎన్నడూ వెనక నుంచి పిలవలేదనీ, ఎంత తొందరలో ఉన్నా పక్కకు వచ్చి భుజం మీద చెయ్యి వేసి మాట్లాడేవారనీ వాళ్లమ్మాయి చెప్పింది. రౌతు కొద్దీ గుర్రం అని మన పెద్దలు అన్న మాటను ఆమె ఎప్పుడూ రౌతుకు చెప్పవలసిన మాటగానే చెప్పేవారు.

ఫార్మసిస్టుగా నాకు మొదటి పోస్టింగు పాడేరు మన్యంలో వచ్చింది. దారి లేని కొండ మీది ఊళ్లకు అక్కడివాళ్లు సంత సరుకులు గుర్రాల మీదే చేరవేసుకుంటారు. మేము కూడా టీకా మందుల పెట్టెను ఒక గుర్రానికి కట్టి కొండెక్కాం. ఆ పెట్టెలో ధనుర్వాతం టీకాలు కూడా ఉన్నాయి. ఆ రాత్రే ఆమెకు ఉత్తరం రాశాను. మెచ్చుకుంటారని ఎదురుచూస్తుంటే, వారం తిరిగేలోగా కార్డు వచ్చింది: "బరువు రెండు వైపులా సమానంగా కట్టారా? పెట్టె కింద దళసరి గోనె వేశారా? దిగేటప్పుడు దాని వీపు చూశావా?" నేను చూడలేదు. మరుసటి వారం చూశాను, అరచేయంత పుండు ఉంది. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

2002లో కురుసుర జలాంతర్గామిని బీచ్‌లో ప్రదర్శనశాలగా తెరిచాక సందర్శకులు పెరిగారు, గుర్రాలకు పనీ పెరిగింది. టీచర్ గారు పదవీ విరమణ చేసిన రెండేళ్లకు, అంటే 2005లో, ముందుకాలు కుంటుతున్న ఒక ఆడగుర్రాన్ని దాని యజమాని వదిలించుకోవాలని చూస్తుంటే ఆమె కొనేశారు. గోధుమ రంగు ఒళ్లు, నుదుట తెల్లని మచ్చ. చుక్క అని పేరు పెట్టారు. పళ్లు చూసి పదమూడేళ్లుంటాయని లెక్కగట్టారు. సింహాచలం కొండ దిగువన, గోశాల కూడలికి కొంచెం లోపలగా వాళ్లు కట్టుకున్న ఇంటి పెరట్లో రేకుల షెడ్డు వేశారు. భర్త గారు కంచరపాలెంలో ఒక కమ్మరి దగ్గర కూర్చుని, డెక్కలో మట్టి తీసే కొక్కేన్ని దగ్గరుండి చేయించి తెచ్చారు. రోజూ గడ్డి కోసి తెచ్చేదీ ఆయనే, కాకపోతే షెడ్డు గుమ్మం దగ్గరే పెట్టి వెనక్కి వచ్చేవారు.

నేను వెళ్లినప్పుడల్లా ఆమె డెక్క శుభ్రం చేయడం చూసేవాణ్ని. చుక్క భుజానికి తన భుజం ఆనించి నిలబడి, చెయ్యి భుజం నుంచి మోకాలి మీదుగా కిందికి జార్చి, గిట్ట పైన సన్నగా నొక్కగానే చుక్క తనంతట తానే కాలు ఎత్తి ఇచ్చేది. ఆ డెక్కను తన మోకాళ్ల మధ్య పెట్టుకుని, మడమ వైపు నుంచి ముందుకు కొక్కెంతో మట్టీ రాళ్లూ తీసేవారు. అడుగున మధ్యలో త్రికోణంలా మెత్తగా ఉండే భాగానికి కొక్కెం తగలనిచ్చేవారు కాదు. దాన్ని వేలితో తుడిచి, ఆ వేలు వాసన చూసేవారు. కుళ్లు మొదలైతే వాసనే ముందు చెబుతుందట. చూస్తున్నంతసేపూ నాకు కుళాయి గట్టు గుర్తొచ్చేది.

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుఫాను గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలులతో మన నగరం మీదే తీరం దాటింది. పొద్దున్నే షెడ్డు రేకులు లేవడం మొదలవగానే ఆమె చుక్కను ఇంట్లోకి, ముందు గదిలోకి తెచ్చేశారు. తలుపు గడియ ఊగిపోతుంటే మంచం అడ్డం పెట్టారు. చుక్క ఒళ్లంతా వణుకుతోంది. ఆమె తల దగ్గర నిలబడ్డారు. రెండో వైపు మెడ పట్టుకోవడానికి మనిషి కావాలి. ఆ ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. ముప్పై ఏళ్లకు పైగా గట్టు మీదే కూర్చున్న ఆ భర్త గారు వచ్చి, చుక్క జూలులో వేళ్లు పెట్టి, చీకటి పడే వరకు అక్కడే నిలబడ్డారు. "గాలి నాకు సరిగా వినబడలేదు బాబూ, అదే మంచిదైంది. దాని గుండె మాత్రం చేతికి తెలిసింది" అని ఆయన నాతో అన్నారు.

తర్వాత రోజుల్లో కరెంటు లేదు, నీళ్లు లేవు. వీధంతా విరిగిన చెట్లు, ఎగిరిపడిన రేకులు, వాటి మేకులు. డెబ్బయ్యేళ్ల దగ్గర ఉన్న టీచర్ గారు పాడైన స్పీకరు ఒకటి విప్పి, అందులో అయస్కాంతాన్ని తాడుకు కట్టి, వీధి పిల్లలను వెంటబెట్టుకుని ఆ సందులన్నీ ఈ చివర నుంచి ఆ చివరికి ఈడ్చారు. నేను చూడటానికి వెళ్లేసరికి అరుగు మీద నూనె డబ్బా నిండా మేకులున్నాయి. పిల్లలు దాన్ని ఎత్తలేక నవ్వుతున్నారు.

ఆషాఢంలో సింహాచలం కొండ చుట్టూ చేసే గిరి ప్రదక్షిణ నాడు ఆమె గోశాల కూడలిలో బకెట్లతో నీళ్లూ, కొబ్బరినూనె సీసా పెట్టుకుని కూర్చునేవారు. ముప్పై కిలోమీటర్లు దాటి నడిచి, ఇంక కొండ మెట్ల మొదలైన తొలిపావంచా చేరడమే తరువాయిగా వచ్చే భక్తుల పాదాలు కడిగి చూసేవారు. మనవాళ్లు ఎంతోమంది ఆ నీళ్ల దగ్గర ఆగినవాళ్లే.

చుక్క 2018లో పోయింది. ఇరవై ఆరేళ్లు బతికింది. ఆ తర్వాత కూడా టీచర్ గారు రాత్రిపూట ఉలవలు నానబెట్టడం మానలేదు. తెల్లవారాక ఉడికించి, వీధిలో బడికి పోయే పిల్లలకు పంచేవారు. చివరి రోజుల్లో లేవలేని స్థితిలో కూడా, నానబెట్టారా అని కూతురిని అడిగేవారట.

పెద్దకర్మ నాడు మా బ్యాచ్ వాళ్లం పద్నాలుగు మందిమి వెళ్లాం. వంటవాళ్లు చేసినవన్నీ వడ్డించాక భర్త గారు కొడుకు చెయ్యి పట్టుకుని పంక్తి దగ్గరికి వచ్చారు. ఆయన చేతిలో ఒక గిన్నె ఉంది. ముందు రాత్రి తనే నానబెట్టి, తెల్లవారుజామున తనే ఉడికించిన ఉలవ గుగ్గిళ్లు. ఒక్కొక్కరి పక్కకూ వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, ఆకులో గుప్పెడేసి పెట్టారు. ఉప్పు కొంచెం ఎక్కువైంది. మేమంతా ఒక్క గింజ మిగల్చకుండా తిన్నాం.